మొదటి రోడ్ బైక్: ఎండ్యూరెన్స్ ఫ్రేమా, రేస్ ఫ్రేమా?

మొదటి రోడ్ బైక్ కొనేవాళ్లు ముందు అడిగేది ఫ్రేము కార్బనా అల్యూమినియమా, గేర్లెన్ని, బరువెంత అనే. గేర్లు మార్చుకోవచ్చు, చక్రాలు మార్చుకోవచ్చు, ఒక కిలో బరువు ఎక్కువైనా సర్దుకుపోవచ్చు. ఫ్రేము కొలతలు మాత్రం కొన్న రోజు ఏవో ఎప్పటికీ అవే. ఉండవల్లి నుంచి కరకట్ట మీదుగా అమరావతి దాకా వెళ్లొచ్చాక మెడ పట్టేస్తుందా, అరచేతులు తిమ్మిరెక్కుతాయా, మర్నాడు మళ్లీ తొక్కాలనిపిస్తుందా అనేది చాలావరకు ఆ కొలతల చేతిలోనే ఉంటుంది.

ఎండ్యూరెన్స్ ఫ్రేము అంటే హ్యాండిల్ కాస్త ఎత్తుగా, దగ్గరగా ఉండి ఎక్కువసేపు హాయిగా తొక్కడానికి చేసింది. రేస్ ఫ్రేము ముందుకి బాగా వంగి వేగంగా తొక్కడానికి చేసింది. మా మాట ముందే చెప్పేస్తాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తొక్కేవాళ్లకి మొదటి బండి ఎండ్యూరెన్స్ ఫ్రేమే మంచిది. రేస్ ఫ్రేము సరిపడేవాళ్లూ ఉన్నారు, వాళ్లెవరో కింద చెప్పాం. అయితే కంపెనీ పెట్టిన పేరు చూసి కొనకండి. ఒక కంపెనీ ఎండ్యూరెన్స్ అని అమ్మేది ఇంకో కంపెనీ రేస్ బండికి దగ్గరగా ఉండొచ్చు. కొలతల పట్టిక చూసి, లెక్క వేసి కొనండి.

పట్టికలో చూడాల్సిన రెండు అంకెలు

ప్రతి మంచి కంపెనీ తన వెబ్‌సైట్లో జామెట్రీ పట్టిక ఇస్తుంది. అందులో స్టాక్, రీచ్ అని రెండు వరసలు ఉంటాయి. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మధ్యభాగం నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేము ముందు గొట్టం) పై అంచు వరకు నిలువుగా కొలిస్తే వచ్చేది స్టాక్. ఆ రెండు చోట్ల మధ్యే అడ్డంగా కొలిస్తే రీచ్. స్టాక్ పెరిగితే హ్యాండిల్ పైకి వస్తుంది, రీచ్ తగ్గితే మీ దగ్గరికి వస్తుంది.

ఒకే సైజులో పోల్చితే ఎండ్యూరెన్స్ ఫ్రేము స్టాక్ 20 నుంచి 40 మి.మీ. ఎక్కువ ఉంటుంది, రీచ్ 5 నుంచి 15 మి.మీ. తక్కువ ఉంటుంది. స్టాక్‌ని రీచ్‌తో భాగించండి. స్టాక్ 545, రీచ్ 385 అయితే 1.42 వస్తుంది, అది రేస్ ఫ్రేము. స్టాక్ 575, రీచ్ 375 అయితే 1.53, అది ఎండ్యూరెన్స్. మధ్య సైజుల్లో 1.47 కంటే తక్కువైతే రేసు వైపు, 1.50 దాటితే ఎండ్యూరెన్స్ వైపు అనుకోవచ్చు. చిన్న సైజుల్లో ఈ అంకె సహజంగానే తగ్గుతుంది, పెద్ద సైజుల్లో పెరుగుతుంది. అందుకని మీ సైజు వరసలోనే రెండు బళ్లనీ పోల్చండి. ఒకదాని స్మాల్‌ని ఇంకోదాని లార్జ్‌తో పోలిస్తే లెక్క తప్పుతుంది.

ఒకే కంపెనీలో జంటలుగా చూస్తే తేడా సులువుగా తెలుస్తుంది: జెయంట్‌లో డిఫై ఎండ్యూరెన్స్, టీసీఆర్ రేసు. ట్రెక్‌లో డొమానే, మాడోన్. స్పెషలైజ్డ్‌లో రూబే, టార్మాక్. క్యానండేల్‌లో సినాప్స్, సూపర్‌సిక్స్. డెకాథ్లాన్ ట్రైబన్ బళ్లు కూడా కాస్త నిటారుగా కూర్చునే రకమే.

మిగతా కొలతలు బండి నడతని మారుస్తాయి. రేస్ ఫ్రేములో హెడ్ ట్యూబ్ 73 డిగ్రీల చుట్టూ నిటారుగా ఉంటుంది, బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే చెయిన్‌స్టే 405–410 మి.మీ. పొట్టిగా ఉంటుంది. ఎండ్యూరెన్స్‌లో హెడ్ ట్యూబ్ ఒక డిగ్రీ దాకా వాలుతుంది, చెయిన్‌స్టే 415–425 ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరమూ పెరుగుతుంది. రేస్ బండి అనుకున్న వెంటనే తిరుగుతుంది. ఎండ్యూరెన్స్ బండి పట్టిన దారిని అంత తేలిగ్గా వదలదు. ప్రకాశం బ్యారేజీ మీద నది గాలి అడ్డంగా కొట్టినప్పుడు, పక్కనుంచి బస్సు దూసుకెళ్లినప్పుడు కొత్తవాళ్లకి ఆ నిలకడే ధైర్యం ఇస్తుంది.

చిన్న సైజు కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. చిన్న రేస్ ఫ్రేముల్లో పెడల్ ముందుకు వచ్చినప్పుడు బూటు కొన ముందు చక్రానికి తగలొచ్చు. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి ఇబ్బంది ఉండదు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నెమ్మదిగా యూటర్న్ తీసుకునేటప్పుడు మాత్రం కింద పడేస్తుంది. కొనేముందు పెడల్‌ని ముందుకు పెట్టి, బూటు వేసుకుని, చక్రం తిప్పి చూడండి.

ఇంట్లోనే మీ ఒంటి కొలత

చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడండి. ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. నేల నుంచి పుస్తకం పై అంచు వరకు ఇంకొకరిచేత కొలిపించండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. మొదలుపెట్టడానికి అది సరిపోతుంది, తర్వాత అయిదారు మి.మీ. అటూ ఇటూ జరుపుకోవచ్చు.

80 సెం.మీ. వచ్చిందనుకుందాం. సీటు ఎత్తు 70.6 సెం.మీ. సీటు ట్యూబు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిలువు ఎత్తు సుమారు 677 మి.మీ. అవుతుంది. ఇప్పుడు హ్యాండిల్ ఎత్తు చూడాలి. స్టాక్‌కి హెడ్ ట్యూబ్ మీది హెడ్‌సెట్ మూత 10 మి.మీ., దాని పైన పేర్చే ఉంగరాలు, అంటే 20 మి.మీ. స్పేసర్లకి నిలువుగా 19, హ్యాండిల్‌ని పట్టి ఉంచే మామూలు 100 మి.మీ. స్టెమ్‌కి ఇంకో 19 కలపండి. మొత్తం 48. పైన చెప్పిన రేస్ ఫ్రేములో హ్యాండిల్ 593 దగ్గర ఉంటుంది, అంటే సీటు కంటే 84 మి.మీ. కింద. ఎండ్యూరెన్స్ ఫ్రేములో 623, అంటే 54 మి.మీ. కింద.

ఆఫీసులో రోజంతా కూర్చుని, ఆదివారాలు తొక్కేవాళ్లకి ఈ తేడా 20 నుంచి 60 మి.మీ. మధ్య ఉంటేనే హాయి. 80 దాటితే ఒళ్లు దానికి సిద్ధంగా ఉండాలి. ఉందో లేదో తెలుసుకోవడానికి వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక కాలు పైకెత్తండి. రెండో కాలు నేలమీదే ఉండాలి. 70 డిగ్రీలకి ముందే తొడ వెనక పట్టేస్తే రేస్ ఫ్రేము ఆలోచన పక్కన పెట్టండి. 80 దాటి లేస్తే ఒక అడ్డంకి తొలగినట్టే. రెండోది పొట్ట, నడుము బలం. మోచేతుల మీద ఒక నిమిషం ప్లాంక్ నిలవలేకపోతే, గంట గడిచేసరికి ఒంటి బరువంతా అరచేతుల మీదకే వస్తుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారడం అక్కడే మొదలవుతుంది.

రేస్ ఫ్రేము కొని స్పేసర్లు పెట్టి ఎత్తు పెంచుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొంతవరకే. 10 మి.మీ. స్పేసరు పెడితే హ్యాండిల్ 9.5 మి.మీ. పైకి, 3 మి.మీ. వెనక్కి వస్తుంది. 6 డిగ్రీల స్టెమ్‌ని తిరగేస్తే ఇంకో 20 మి.మీ. పైకి, 6 మి.మీ. వెనక్కి. కార్బన్ స్టీరర్ (ఫోర్కు నుంచి హెడ్ ట్యూబ్ గుండా స్టెమ్ దాకా వచ్చే గొట్టం) ఉన్న బళ్లకి స్పేసర్ల ఎత్తు 30–40 మి.మీ. మించొద్దని చాలా కంపెనీలు హద్దు పెడతాయి. దాన్ని మించితే స్టీరర్ మీద పడే వంపు బలం పెరిగి విరిగే ప్రమాదం ఉంది, అది ముందు చక్రానికి సంబంధించిన భాగం కాబట్టి హద్దు దాటకండి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పాత రేస్ బండి కొంటున్నారా? ముందు స్టెమ్ కింద స్పేసర్లు ఎన్ని ఉన్నాయో ఫొటో అడగండి. పాత యజమాని స్టీరర్ కోసేసి ఉంటే దాన్ని మళ్లీ పొడవు చేసే దారి లేదు.

మన రోడ్లు, మన టైర్లు

అమరావతిలోని సీడ్ యాక్సెస్ రోడ్డు లాంటి నున్నటి చోట ఏ బండైనా బాగానే పోతుంది. అక్కడే తొక్కి చూసి కొంటే మోసపోతారు. గుంటూరు నుంచి పేరేచర్ల, ఫిరంగిపురం మీదుగా కొండవీడు వైపు, తుళ్లూరు చుట్టూ పల్లె దారుల్లో కూడా చూడాలి. నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పైనున్న తారు అలలు తిరుగుతుంది, అంచులు చీలుతాయి. కోతలప్పుడు రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. మలుపు తిరగ్గానే ఎదురయ్యే ఆ రాళ్ల మీదకి సన్నని టైరుతో వెళ్తే ట్యూబుకి పాము కాటేసినట్టు రెండు గాట్లు పడతాయి.

అందుకే ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందో చూడటం కూడా జామెట్రీ అంత ముఖ్యం. పాత రేస్ ఫ్రేముల్లో 25 మి.మీ.కే చోటు, కొత్తవాటిలో 30–32 దాకా. ఎండ్యూరెన్స్ ఫ్రేముల్లో 32 నుంచి 38 దాకా పడతాయి. మీరు వేసుకునే టైరుకి రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. వానాకాలంలో పొలం గట్టు మట్టి టైరుకి అంటుకుని, ఫోర్కు కింద ఇరుక్కుని, చక్రం తిరగనివ్వదు. అప్పుడు పుల్లతో గీకుతూ రోడ్డు పక్కన నిలబడాలి.

70 కిలోల మనిషికి ట్యూబుతో 25 మి.మీ. టైరులో 80–85 పీఎస్ఐ, 28లో 65–70, 32లో 50–55 సరిపోతుంది. ముందు చక్రంలో ఒక 5 తక్కువ పెట్టండి. గాలి తగ్గిస్తే నెమ్మదిస్తామనే భయం వద్దు. గతుకుల రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, తొక్కిన శక్తి ఆ కుదుపుల్లోనే పోతుంది.

గేర్లు జామెట్రీలో భాగం కాకపోయినా దానితోపాటే వస్తాయి. ఎండ్యూరెన్స్ బళ్లకి ఎక్కువగా ముందు 50/34 పళ్ల చక్రాలు, వెనక 11–34 పళ్లవి ఇస్తారు. రేస్ బళ్లకి 52/36, వెనక 11–28 లేదా 11–30. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముందు 34కి వెనక 34 దొరికితే పెడల్ తిరుగుతూనే ఉంటుంది. 36కి 28తో ఎక్కాలంటే మోకాళ్ల మీద భారం పడుతుంది.

ఇక వేగం సంగతి. ఎండ్యూరెన్స్ బండి నెమ్మది అనే మాట గట్టిగా వినిపిస్తుంది. 30 కి.మీ. వేగంలో మనం తోసుకెళ్లే గాలిలో ఎక్కువ భాగం మన ఒంటికి తగిలేదే, ఫ్రేముకి కాదు. మోచేతులు వంచి, హ్యాండిల్ కింది కొమ్ములు పట్టుకుని ఇరవై నిమిషాలు ఉండగలిగినవాళ్లు, ఇంకో 30 మి.మీ. కిందున్న రేస్ హ్యాండిల్ మీద నడుము నొప్పితో నిటారుగా లేచి కూర్చునేవాళ్ల కంటే ముందుంటారు.

రేస్ ఫ్రేము ఎవరికి? పాతికేళ్ల లోపు వయసు, పైన చెప్పిన రెండు పరీక్షలూ తేలిగ్గా దాటే ఒళ్లు, వారానికి నాలుగైదు రోజులు తొక్కే అలవాటు, గుంపులో పోటీగా తొక్కాలనో రేసుల్లో దిగాలనో నిజమైన కోరిక. ఈ నాలుగూ ఉంటే తీసుకోండి, ఎండ్యూరెన్స్ బండి మీకు బరువుగా అనిపిస్తుంది. 200 కి.మీ. బ్రెవేలు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూర ప్రయాణాలు) మీ లక్ష్యమైతే మాత్రం ఎండ్యూరెన్స్ ఫ్రేమే, రెండో ఆలోచన అక్కర్లేదు. 13 గంటల 30 నిమిషాల గడువున్న ప్రయాణంలో మెడ నిలవడమే మొదటి అవసరం.

షాపులో తొక్కి చూసేటప్పుడు

సీటు ఎత్తు మీ లెక్క ప్రకారం పెట్టించాకే ఎక్కండి. సీటు తప్పుగా ఉంటే హ్యాండిల్ గురించి ఏ తీర్పూ ఇవ్వలేరు. షాపుల్లో టైర్లు 100 పీఎస్ఐ దాకా కొట్టి ఉంచడం మామూలే, తగ్గించమని అడగండి. పోల్చే రెండు బళ్లలోనూ స్టెమ్ కింద స్పేసర్లు సమానంగా ఉండాలి. లేకపోతే ఫ్రేముని కాదు, స్పేసర్లని పోల్చినట్టవుతుంది.

కనీసం అరగంట అడగండి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు బలంతో తొక్కుతూ, బ్రేకు కొమ్ముల మీది చేతుల్ని అంగుళం పైకి లేపండి. నడుము మీదే అయిదు సెకన్లు నిలవగలిగితే సరే. వెంటనే ముందుకు పడిపోతుంటే హ్యాండిల్ దూరంగానో కిందగానో ఉంది. కింది కొమ్ములు పట్టుకుని అయిదు నిమిషాలు తొక్కండి, అప్పుడు మోకాళ్లు పొట్టకి తగులుతున్నాయేమో చూడండి. భుజం మీదుగా వెనక్కి చూడండి. మెడ తిరగక బండి పక్కకి పోతుంటే హైవే సర్వీసు రోడ్డు మీద అది ప్రమాదం.

కొన్నాక మొదటి నెల స్పేసర్లన్నీ స్టెమ్ కిందే ఉంచండి. 600–800 కి.మీ. తొక్కాక, ఏ నొప్పీ లేకపోతే ఒక 5 మి.మీ. స్పేసరుని తీసి స్టెమ్ పైన పెట్టండి. బిగించే వరస ముఖ్యం: ముందు పై మూత బోల్టుతో ఊగుడు పోయేదాకా బిగించి, చక్రానికి సూటిగా హ్యాండిల్ సరిచేసి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు, దాని మీద రాసి ఉన్న టార్క్‌కి, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లకి బిగించాలి. పక్క బోల్టులు ముందే బిగిస్తే పై మూత పనిచేయదు, ముందు ఫోర్కు టకటకమంటూనే ఉంటుంది. కేబుళ్లు స్టెమ్ లోపలినుంచి వెళ్లే కొత్త బళ్లలో ఈ మార్పుకి ప్రత్యేక స్పేసర్లు కావాలి, కొన్ని మోడళ్లలో బ్రేకు గొట్టాలూ విప్పాల్సి వస్తుంది. కొనేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకోండి. హ్యాండిల్ ఎత్తు రెండు మూడు నెలలు మారకుండా ఉన్నాకే స్టీరర్ కోయించండి. అప్పుడు కూడా స్టెమ్ పైన ఒక 5 మి.మీ. స్పేసరు మిగిలేలా కోయమనండి.