ఆఫీసులో ఒకరి మెయిల్ ఇంకొకరికి అందడం లేదా? పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌లో ఇలా వెతకండి

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉందనుకోండి. ఆఫీసులోనే ఉబుంటు (లినక్స్) సర్వర్, దానిమీద మెయిళ్లు పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని ఇన్‌బాక్స్‌లో చూపించే డవ్‌కాట్. బయటి వ్యాపారులకు మెయిళ్లు వెళ్తున్నాయి, అకౌంట్స్ వాళ్లు గోడౌన్‌కి పంపినవి మాత్రం చేరడం లేదు. ఇలాంటప్పుడు ముందే సెట్టింగుల మీద చెయ్యి వెయ్యకండి. మెయిల్ ఎక్కడ ఆగిందో లాగ్ ఫైల్లోనే రాసి ఉంటుంది.

ఒక పరీక్ష మెయిల్ పంపి, వార్ కింద లాగ్ ఫోల్డర్లో ఉండే మెయిల్.లాగ్ (/var/log/mail.log) తెరవండి. ఆ మెయిల్ క్యూ ఐడీ (ప్రతి మెయిల్‌కీ పోస్ట్‌ఫిక్స్ ఇచ్చే గుర్తు) పట్టుకుని, దానికి సంబంధించిన లైన్లన్నీ చదవండి. రిలే (మెయిల్‌ని ఎవరికి అప్పగించింది), స్టేటస్ (ఏమైంది) అన్న రెండు చోట్లా ఏముందో చూస్తే సగం పని అయినట్టే.

రిలే దగ్గర బయటి సర్వర్ పేరు కనబడినా, 'లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్' అని వచ్చినా, మీ డొమైన్ తనదేనని పోస్ట్‌ఫిక్స్‌కి తెలియదన్నమాట. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో మైడెస్టినేషన్ లైన్ (ఈ సర్వరే అందుకోవాల్సిన డొమైన్ల జాబితా) చూడండి. మామూలుగా అందులో హోస్ట్ పేరు, లోకల్‌హోస్ట్ ఉంటాయి గానీ అసలు డొమైన్ ఉండదు, దాన్ని చేర్చాలి. అయితే వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్లలో (లినక్స్ యూజర్లు కాని మెయిల్ ఖాతాలకు వాడే జాబితా) ఇప్పటికే ఉంటే ఇక్కడ చేర్చకూడదు. రెండు చోట్లా ఉంటే పోస్ట్‌ఫిక్స్ లినక్స్ యూజర్ల జాబితాలో వెతికి, 'యూజర్ అన్‌నోన్' అని తిప్పి కొడుతుంది.

దీనికి తిరగేసిన సమస్య కూడా తరచూ వస్తుంది. మెయిల్ గూగుల్‌కి మార్చేశాక కూడా పాత సర్వర్ మైడెస్టినేషన్లో డొమైన్ మిగిలిపోతే, వెబ్‌సైట్ ఫారం నుంచి వచ్చే మెయిళ్లు బయటికి పోకుండా అక్కడే ఉండిపోతాయి. తీసెయ్యండి.

స్టేటస్ 'సెంట్' అని ఉండి, ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీగా ఉందా? పక్కన బ్రాకెట్లో 'డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్' అని ఉంటే మెయిల్ వార్ కింద మెయిల్ ఫోల్డర్లో పడి, డవ్‌కాట్ ఏమో మెయిల్‌డిర్‌లో (యూజర్ హోమ్‌లో ఉండే మెయిల్ ఫోల్డర్) వెతుకుతూ ఉండొచ్చు. అలాగైతే మెయిన్.సీఎఫ్‌లో హోమ్_మెయిల్‌బాక్స్‌కి 'మెయిల్‌డిర్/' (Maildir/) అని రాయండి. చివరి స్లాష్ మరిస్తే ఫోల్డర్‌కి బదులు ఒకే ఫైలుగా రాస్తుంది. మెయిల్‌బాక్స్_కమాండ్ లైన్ ఉంటే ఈ సెట్టింగును అసలు పట్టించుకోదు, దాన్ని కూడా చూడండి.

స్టేటస్ 'డిఫర్డ్' (వాయిదా పడింది) అయితే కంగారు పడి క్యూ (పంపాల్సిన మెయిళ్ల వరుస) ఖాళీ చెయ్యకండి. మామూలు సెట్టింగుల్లో 5 రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. లాగ్‌లో ఎల్ఎంటీపీ సాకెట్ (పోస్ట్‌ఫిక్స్ డవ్‌కాట్‌కి మెయిల్ అప్పగించే దారి) లేదంటే డవ్‌కాట్ నడవడం లేదు, లేదా దాని ఎల్ఎంటీపీ ప్యాకేజీ వెయ్యలేదు. డిస్కులో చోటుతో పాటు ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున పట్టే లెక్క) కూడా చూడండి. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు కాబట్టి అవి ముందే అయిపోవచ్చు.

2018లో తిత్లీ తుపాను చూసిన ఊళ్లలో దీని సంగతి తప్పక తెలిసి ఉండాలి: కరెంటు వచ్చి సర్వర్ లేచినా, మెయిళ్లుండే వేరే డిస్కు మౌంట్ కాకపోవచ్చు (సర్వర్‌కి జతపడకపోవచ్చు). అప్పుడు కొత్త మెయిళ్లు రూట్ డిస్కులో అదే పేరున్న ఫోల్డర్లోకి వెళ్తాయి, తర్వాత డిస్కు మౌంట్ చెయ్యగానే దాని అడుగున కనబడకుండా పోతాయి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఆపి, డిస్కు అన్‌మౌంట్ చేసి, ఆ మెయిళ్లు వేరే చోటికి తీసుకోండి. మౌంట్ చేశాక వాటిని లోపలికి చేర్చండి.

ఎలియాసెస్ ఫైలు (ఒక పేరుకొచ్చే మెయిల్ ఇంకెవరికి వెళ్లాలో చెప్పేది) మారిస్తే న్యూఎలియాసెస్ కమాండ్ ఇవ్వాలి. చివరగా పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చేసి, క్యూ ఫ్లష్ చెయ్యండి (ఆగినవాటిని వెంటనే మళ్లీ పంపించండి). ఆగినవన్నీ కదులుతాయి. బౌన్స్ అయినవి (తిప్పి కొట్టినవి) మాత్రం క్యూలో ఉండవు, పంపినవాళ్లే మళ్లీ పంపాలి.