గంజాయి కేసులో వచ్చిన పిల్లాడితో మొదటి పదిహేను రోజులు

అబ్జర్వేషన్ హోంకి (కేసుల్లో దొరికిన పిల్లల్ని విచారణ సాగేటప్పుడు ఉంచే చోటు) వచ్చిన కుర్రాడు కంచం తోసేస్తాడు, రాత్రంతా దొర్లుతాడు, పక్కవాడి మీద చెయ్యి చేసుకుంటాడు. ‘మొండిఘటం’ అని అప్పుడే రాసేయకండి. సరుకు అమ్మేవాడికి అలవాటు కూడా ఉండొచ్చు. రోజూ గంజాయి తాగేవాడు మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు మొదలవుతుంది, నిద్ర, ఆకలి పోతాయి. మొదటి వారంలో ముదిరి, చాలావరకు రెండు వారాల్లో సర్దుకుంటాయి. నిద్ర మాత్రం ఇంకొన్నాళ్లు సతాయిస్తుంది.

రోజూ మూడు సంగతులు రాసుకోండి: ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎంత తిన్నాడు, గొడవ ఏ మాట దగ్గర మొదలైంది. రెండు వారాలు దాటినా గొడవలు తగ్గకపోతే కారణం వేరే చోట వెతకాలి. చచ్చిపోతానన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించాలి.

మూత్ర పరీక్షతో జాగ్రత్త. ఎక్కువగా తాగినవాడికి మానేసిన కొన్ని వారాల దాకా పాజిటివ్ రావచ్చు. హోంలోనే తాగావని నింద వేస్తే ఇక నోరు విప్పడు.

అసలు చిక్కు ఆ మౌనమే. సరుకు ఎవరిచ్చారని అడిగితే వాడి లెక్కలో మీరూ పోలీసే. పట్టుబడిన సరుకు ఖరీదు మోసినవాడి మీద బాకీగా వేయడం ఈ దందాలో ఉన్నదే. అందుకే ‘బయటికెళ్తే ఎవరికి భయపడాలి? ఎవరికైనా బాకీ ఉన్నావా?’ అని అడగండి. ‘అన్న’నంటూ చూడటానికి వచ్చినవాణ్ణి తల్లి గుర్తుపట్టాకే లోపలికి పంపండి. అదే కేసులో దొరికిన ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టకండి.

పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసర్ సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. బడి ఏ తరగతిలో మానేశాడు, ఫోన్ ఎవరు కొనిచ్చారు, వచ్చిన డబ్బు ఇంట్లో దేనికి ఖర్చయింది అన్నవి అందులో రాయాలి. పిల్లల చేత మత్తు సరుకు మోయించినవాడికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉంది కాబట్టి, పిల్లాణ్ణి వాడుకున్న తీరు స్పష్టంగా నమోదు చేయండి. గంజాయి 20 కిలోలు దాటి, వయసు పదహారు నిండితే పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని తేల్చే ప్రాథమిక మదింపు కూడా బోర్డు చేస్తుంది.

బెయిల్ దగ్గర బోర్డు చూసేది, బయటికెళ్తే మళ్లీ ఆ ముఠా చేతిలో పడతాడా అని. ‘తల్లిదండ్రులకు అప్పగించవచ్చు’ అని ఒక ముక్కతో సరిపెట్టకండి. సరుకు ఇంటి సందులోనే దొరుకుతుంటే వేరే ఊళ్లో ఏ మేనమామ ఇల్లు ఉంది, ఆయన ఒప్పుకున్నాడా, అక్కడ ఏ పని నేర్పుతారు అన్నది కనుక్కుని రాయండి. ఇంటివాళ్లకు మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరు రాసిచ్చి, మీరు మళ్లీ వచ్చే తేదీ కూడా దాని కిందే వేయండి.