చేతి వాపు కొలతలు ఎందుకు కుదరవు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ నోడ్స్ (ఒంట్లోని లింఫ్ ద్రవాన్ని వడకట్టే చిన్న గ్రంథులు) తీసేస్తే, ఆ వైపు చేతికి వాపు ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. గాజులు బిగుతవడం ఒక తొలి గుర్తు. నెలనెలా కొలిచినా అంకెలు కుదరకపోతే తప్పు చాలాసార్లు టేపు పెట్టే చోటులోనే ఉంటుంది. మణికట్టు ఎముక నుంచి పైకి 10, 20, 30 సెం.మీ. దగ్గర పెన్నుతో చుక్కలు పెట్టి, టైలర్ టేపు చర్మాన్ని నొక్కకుండా చుట్టి రెండు చేతులూ కొలిస్తే సరిపోతుంది. అదీ పొద్దున్నే, గుంటూరు ఎండల్లో సాయంత్రం కొలత నమ్మొద్దు. మొదటి కొలతలతో పోల్చి చూడండి. రెండు చేతుల మధ్య తేడా 2 సెం.మీ. పెరిగితే ఫిజియోథెరపిస్టుకి చూపించాలి, స్లీవ్ (వాపు తగ్గడానికి చేతికి వేసుకునే బిగుతు తొడుగు) సైజు వాళ్లే చెబుతారు. మిరప తొడిమలు తీసేటప్పుడు గ్లౌజు తప్పనిసరి, చిన్న గీరుడుతోనూ ఇన్ఫెక్షన్ రావచ్చు. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.