వేడి ఊళ్లో ఉంటూ ఆకురాలే కాలం కోసం బెంగపడేవాళ్లకి

ఏసీ పెంచుకుని కూర్చుంటే ఆ బెంగ తీరదు. చల్లదనం ఒక్కటే కాదు కదా మనకి కావాల్సింది, ఆ వెలుగూ ఆ రంగులూ కూడా. అందుకే తెల్లవారుజామునే బయటికి నడవండి. నేల రాత్రంతా వేడిని వదిలేస్తుంది కాబట్టి, సాధారణంగా సూర్యోదయం వేళకే రోజు మొత్తంలో ఎక్కువ చల్లగా ఉంటుంది.

ఆ నడకలో నాటు బాదం చెట్టు కనిపిస్తుందేమో చూడండి. వేడి ప్రాంతాల్లోనూ దాని ఆకులు రాలే ముందు ఎర్రబడతాయి. అరచేతికన్నా పెద్ద ఆకు; ఒక్కోసారి దాని ఈనెల పక్కన పచ్చదనం ఇంకా పోదు, అంచులు మాత్రం ముదురు ఎరుపు. ఆకుకి పచ్చరంగునిచ్చే పత్రహరితం తగ్గిపోతుంటే పసుపు లాంటి రంగులు పైకి తేలతాయి, ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది. చలిదేశాల అడవుల్లో జరిగేదీ ఇదే. నాలుగు ఆకులు ఏరుకొచ్చి పుస్తకాల మధ్య పెట్టండి, చదునుగా ఆరతాయి.

సాయంత్రం తెల్లటి ట్యూబులైటు ఆపేసి 2700 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) పసుపు బల్బు వేయండి. ఇక వాసన కోసం, గిన్నెడు నీళ్లలో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క వేసి సన్నసెగ మీద పది నిమిషాలు మరిగిస్తే చాలు. అంతకుమించి ఉంచితే వంటిల్లు వేడెక్కుతుంది. స్టవ్ ఆపి, గిన్నెని మీరు కూర్చునే గదిలోకి తెచ్చుకోండి.