దసరాకి ఇంద్రకీలాద్రి ఎక్కే ముందు

మూలా నక్షత్రం రోజు కనకదుర్గమ్మ సరస్వతీదేవి అలంకారంలో ఉంటుంది. బెజవాడలో అసలు రద్దీ ఆ రోజే. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే వేరే రోజు చూసుకోండి. మిగతా రోజుల్లో చూసినా అమ్మ అమ్మే కదా.

• కొండ కింద వినాయకుడి గుడి దగ్గర క్యూలోకి దిగితే మధ్యలో వెనక్కి రావడం కష్టం. బాత్రూమ్ పని ముందే చూసుకోండి. బీపీ, షుగర్ మాత్రలు బ్యాగులో కాదు, జేబులో ఉండాలి.

• పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. జెల్ పెన్నుతో రాస్తే చెమటకి అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతో రాసి చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఫోన్లు లోపలికి తేనివ్వరు కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

• కృష్ణకు వరద వస్తుంటే నదిలోకి దిగొద్దు, ఘాట్ దగ్గర జల్లు స్నానం చాలు.

• కొత్త చెప్పులు వద్దు, బంగారం అసలే వద్దు.

• కారులో వచ్చేవాళ్లు ట్రాఫిక్ మళ్లింపులు చూసుకుని బయల్దేరండి. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద ఆశలు పెట్టుకోకండి.