గిటార్ కొనేముందు ఎడమ చెయ్యి తీసి చూడండి

నైలాన్ తీగల గిటార్ కొనేటప్పుడు అందరూ నాదం వింటారు, తూకం, అంటే బరువు రెండు వైపులా ఎలా సర్దుకుందో మాత్రం చూడరు. గిటార్‌ని ఎడమ తొడ మీద పెట్టుకుని, కుడి ముంజేతిని పై అంచు మీద తేలిగ్గా ఆనించి, ఎడమ చెయ్యి పూర్తిగా తీసేయండి. తల భాగం నేలవైపు జారిపోతోందా? అయితే వాయించినంతసేపూ ఆ బరువు మోసేది మీ ఎడమ చెయ్యే. బొటనవేలు నెక్ (గిటార్ పొడవాటి మెడ) వెనక బిగుసుకుపోతుంది, కాసేపటికే దాని మొదట్లో నొప్పి మొదలవుతుంది. అది వేళ్ల బలహీనత అనుకుని నేను చాలాకాలం అనవసరంగా బాధపడ్డాను.

నైలాన్ తీగల టెన్షన్ (బిగువు) స్టీలు తీగల కంటే బాగా తక్కువ. అందుకే సంప్రదాయ క్లాసికల్ గిటార్ నెక్‌లో, అది వంగకుండా ఆపే లోహపు కడ్డీ (ట్రస్ రాడ్) ఉండదు, స్పానిష్ సెడార్ లాంటి తేలికైన చెక్కతోనే సరిపోతుంది. ట్రస్ రాడ్, బరువైన ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) చేరితే తూకం తల వైపుకు ఒరుగుతుంది. ట్యూనర్లు చిట్టచివర ఉంటాయి కాబట్టి అక్కడ కొద్ది గ్రాములు తగ్గినా చేతికి తెలుస్తుంది.

ఇప్పటికే అలాంటి గిటార్ ఉంటే వెంటనే ట్యూనర్లు మార్చకండి. ముందు తొడ మీద జారని గుడ్డ వేసుకుని, ఎడమ పాదం కింద ఫుట్‌స్టూల్ పెట్టి, తల భాగం కంటి ఎత్తుకు వచ్చేలా నెక్‌ని పైకి లేపండి. నెక్ నిటారుగా లేచేకొద్దీ బరువు ఒంటికి దగ్గరవుతుంది, కిందికి లాగడం తగ్గుతుంది. చాలామందికి ఇంతటితోనే బొటనవేలు వదులవుతుంది.