చుక్కల దుప్పి, కాంపౌండ్ విల్లు: బాణం ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

మన అడవుల చుక్కల దుప్పిని 1930ల్లో టెక్సస్‌కు తీసుకెళ్లారు. ఇప్పుడక్కడి హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలో అది మందలుగా తిరుగుతోంది. ఇండియాలో దాన్ని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. టెక్సస్‌లో అది బయటి నుంచి వచ్చిన జంతువు కింద లెక్క కాబట్టి, వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడొచ్చు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) నిబంధన వర్తిస్తుంది. అక్కడ కాంపౌండ్ విల్లు (కొనల్లో కప్పీలున్న విల్లు) పట్టే తెలుగువాళ్ల కోసం ఇది. జంతువు గాయంతో తప్పించుకుపోవడమే ఈ వేటలో అన్నిటికన్నా పెద్ద తప్పు. దానికి బీజం చాలాసార్లు బాణం వదలకముందే పడుతుంది.

సమస్య: ఫీల్డ్ పాయింట్లు గురికి తగులుతున్నాయి, బ్రాడ్‌హెడ్ బిగిస్తే పక్కకు పోతోంది

ఫీల్డ్ పాయింట్ అంటే సాధనకు వాడే నున్నటి మొన, బ్రాడ్‌హెడ్ అంటే వేటకు వాడే పదునైన రెక్కల మొన. ఆ రెక్కలు గాలిని పట్టుకుంటాయి. బాణం విల్లు నుంచి కాస్త వంకరగా బయల్దేరినా ఫీల్డ్ పాయింట్ దాన్ని కప్పిపుచ్చుతుంది, బ్రాడ్‌హెడ్ బయటపెడుతుంది. ముందు బాణాన్ని మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పండి. మొన దగ్గర వణుకు కనిపిస్తే ఆ బాణం వేటకు పనికిరాదు. కార్బన్ బాణాన్ని రెండు చేతులతో కాస్త వంచి చూడండి. చిటపట చప్పుడు వచ్చినా, చీలిక కనిపించినా పారేయండి. అది విల్లు మీదే విరిగితే చేతిలో దిగుతుంది.

బాణాలన్నీ బాగున్నాయంటే సర్దాల్సింది రెస్ట్‌ని, అంటే విల్లు మీద బాణం ఆనే మెట్టుని. 20 గజాల నుంచి మూడు ఫీల్డ్ పాయింట్లు, మూడు బ్రాడ్‌హెడ్లు వేయండి. బ్రాడ్‌హెడ్లు ఎడమకు పడితే రెస్ట్‌ని కుడికి జరపాలి, కిందికి పడితే పైకి లేపాలి. ఒక్కోసారి అంగుళంలో 32వ వంతుకు మించి కదపొద్దు. రెండు గుంపులూ ఒకచోటికి వచ్చేదాకా సైట్ (విల్లుకు బిగించిన గురి చూసే పరికరం) జోలికి పోవద్దు. సైట్ తిప్పితే వంకర అలాగే ఉంటుంది, కనపడకుండా పోతుందంతే.

సమస్య: పెరట్లో బాణాలు ఒకేచోట గుంపుగా పడుతున్నాయి, వేటలో మొదటి బాణమే తప్పుతోంది

పెరట్లో ముప్పయ్యో బాణం వేసేసరికి ఒళ్లు వేడెక్కి ఉంటుంది. మాటులో రెండు గంటలు కదలకుండా కూర్చున్నాక, మందపాటి జాకెట్‌తో వేసేది మొదటి బాణం. వేటకు ముందు నెలరోజులు రోజుకు ఒక్క బాణమే వేయండి. వేట బట్టల్లో, కూర్చున్నచోటి నుంచి, ఒళ్లు వేడెక్కకుండా వేయాలి. ఆ మొదటి బాణాలు ఎంత దూరం వరకు 8 అంగుళాల వలయంలో పడుతున్నాయో అదే మీ హద్దు.

బాణం వదిలే క్షణంలో రిలీజ్ (అల్లెతాడును పట్టి వదిలే చేతి పరికరం) ట్రిగ్గర్‌ని గుంజేయడం వేరే జబ్బు. గురిచుక్క కనపడగానే వేలు తొందరపడుతుంది. మందు ఒక్కటే: రెండు మూడు గజాల దూరంలో గడ్డి మోపు పెట్టి, కళ్లు మూసుకుని, వీపు కండరం బిగిస్తూ బాణం తనంతట వెళ్లేలా వదలాలి. రెండు మూడు వారాలు ఇదే పని.

సమస్య: చెట్టు మీది మాటు నుంచి వేస్తే బాణం పైకి తగులుతోంది

కారణం భౌతికశాస్త్రం కన్నా భంగిమలోనే ఎక్కువ. 20 అడుగుల ఎత్తు నుంచి వాలుగా 20 గజాలంటే నేల మీద దాదాపు 19 గజాలే, తేడా తక్కువ. విల్లు పట్టిన చేతిని మాత్రమే కిందికి దించితే పీప్ (అల్లెతాడులో కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం), సైట్ వరస చెడుతుంది. బాణం నేలకు సమాంతరంగా ఉండేలా విల్లు లాగి, ఆ తర్వాత నడుము దగ్గర వంగండి. ఒళ్లంతా పట్టే హార్నెస్ (కింద పడకుండా ఆపే పట్టీలు) నేల మీదే తొడుక్కోవాలి. విల్లుని చేత్తో పట్టుకుని ఎక్కొద్దు, ఎక్కాక తాడుతో పైకి లాక్కోండి.

సమస్య: గురి సరిగ్గా ఉంది, దుప్పి కిందికి కుంగింది, బాణం వీపు మీదుగా పోయింది

చుక్కల దుప్పిలో ఇది మరీ ఎక్కువ. అది బాణాన్ని చూసి తప్పించుకోదు. అల్లెతాడు చప్పుడుకి ఉలికిపడి, పరుగు కోసం కాళ్లు ముడుస్తుంది. లెక్క చూడండి. బాణం వేగం సెకనుకు 280 అడుగులు, చప్పుడు వేగం 1,100 అడుగుల పైమాట. 20 గజాలకు చప్పుడు బాణం కన్నా 0.16 సెకను ముందే చేరుతుంది, 40 గజాలకు 0.32 సెకను ముందు. ఉలికిపాటుకు 0.1 సెకను పోయినా, మిగిలిన కాలంలో స్వేచ్ఛగా పడే ఒళ్లు 20 గజాల దగ్గర అంగుళంలోపు, 40 గజాల దగ్గర 9 అంగుళాలు దిగుతుంది. గుండె, ఊపిరితిత్తుల చోటు మొత్తం కలిపి సుమారు 8 అంగుళాలే.

అందుకే ఎంత గురిగాడైనా 25 గజాలు దాటొద్దు. తల ఎత్తి, చెవులు రిక్కించి, ముందుకాలు నేలకేసి కొడుతున్న దుప్పి మీద అసలే వద్దు. తల దించి మేస్తున్నప్పుడు, పక్కకు గానీ కాస్త అవతలికి తిరిగి గానీ ఉన్నప్పుడు, ముందుకాలి వెనక అంచు వెంబడి పైకి, ఒంటి మందంలో కిందినుంచి మూడోవంతు దగ్గర పెట్టండి. ఎదురుగా నిలబడినప్పుడు, దుప్పి పిల్లలు వెనకాల ఉన్నప్పుడు విల్లు దించేయాలి. తేలిక బాణం కన్నా 450 గ్రెయిన్ల (సుమారు 29 గ్రాముల) దరిదాపుల బరువున్న బాణంతో విల్లు చప్పుడు తగ్గుతుంది, లోతుకూ దిగుతుంది.

సమస్య: బాణం తగిలింది, జంతువు దొరకలేదు

చాలాసార్లు తొందరే కారణం. బాణం తగిలిన చోటు, దుప్పి చివరిసారి కనపడిన చెట్టు గుర్తుపెట్టుకుని, దిగకుండా అరగంట కూర్చోండి. తర్వాత బాణం చూడండి. గులాబీ రంగులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట చాలు. ముదురు ఎరుపు, నురగ లేదంటే కార్జం కావచ్చు, కనీసం నాలుగు గంటలు. పచ్చగా, గోధుమరంగుగా పేడ వాసన వస్తే పొట్ట, ఎనిమిది గంటల పైనే. పొట్టకు తగిలిన దుప్పి దగ్గర్లోనే పడుకుంటుంది. తరిమితే లేచి, రక్తం చుక్క రాల్చకుండా దూరం పోతుంది.

వెళ్లేటప్పుడు జాడ మీద అడుగు పెట్టకుండా పక్కన నడవండి. ప్రతి రక్తపు మరక దగ్గర కాగితం ముక్క పెడితే పోయిన దిక్కు తెలుస్తుంది. మరక రక్తమో మట్టో తేలకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లండి, రక్తమైతే నురగ కడుతుంది. ఎండాకాలంలో ఎనిమిది గంటలు ఆగితే మాంసం పోతుందన్న భయం నిజమే. అప్పుడు జాడ పట్టే కుక్కను పిలిపించడం మంచిది. కొన్ని కౌంటీల్లో అనుమతి లేదు, ముందే కనుక్కోండి. దుప్పి కంచె దాటితే పక్క యజమానిని అడక్కుండా అడుగు పెట్టొద్దు. వేటకు ముందే ఆయన ఫోన్ నంబరు రాసుకోండి.

సమస్య: ఎముక దగ్గర మాంసం వాసన వస్తోంది

లోపలి వేడి బయటికి పోలేదు. దుప్పి దొరికిన వెంటనే పేగులు తీసేయాలి. వేసవిలో తోలు కూడా వెంటనే ఒలిచి, తొడలు విడదీసి ఐస్‌లో పెట్టాలి. మాంసం 4 డిగ్రీల సెల్సియస్ లోపుకి రావాలి. కూలర్ బిరడా తీసి, కాస్త వాలుగా పెడితే నీళ్లు నిలవవు. రోజూ ఐస్ చూసి నింపండి.